పిట్టకాలి గుర్తు

హెడ్మాస్టరు రాతి మీద చూపుడువేలు పెట్టి, ఒక్కో అక్షరం గాడి వెంబడే నడిపించి చూశాడు. వేలు ఎక్కడా తగులుకోలేదు.

"మీ చెయ్యి మీ చెయ్యే మేస్త్రిగారూ! ఈ వయసులో కూడా ఒక్క గీత వంకర పోలేదు," అన్నాడు.

పెదనాన్న రెండు చేతులూ చంకల్లో దోపుకుని నవ్వాడు. బయటివాళ్లు వచ్చినప్పుడు ఆయన ఎప్పుడూ అలాగే నిలబడతాడు. "అంతా మా తాత పెట్టిన భిక్ష సార్. ఆయన చెక్కిన రాళ్లు ఆపిన నీళ్లే ఇవాళ ఊరంతా తాగుతోంది," అన్నాడు.

అమ్మడు బల్ల పక్కన పీట మీద కూర్చుని ఉలులు నూనెగుడ్డతో తుడుస్తోంది. కనురెప్పల మీద రాతిపొడి ఇంకా అలాగే ఉంది. బడి శంకుస్థాపన రాయి మీద నూట నలభై అక్షరాలు. నూట నలభయ్యీ ఆమె చెక్కినవే. ఆ రాయే కాదు, ఆరేళ్లుగా ఆ కొట్లోంచి బయటికి వెళ్లిన ప్రతి అక్షరమూ ఆమె చెక్కిందే. పెదనాన్న చేతులు వణకడం మొదలై ఆరేళ్లయింది. ఆ సంగతి ఆయనకీ, పెద్దమ్మకీ, అమ్మడికీ తెలుసు. నాలుగో మనిషికి తెలియకూడదని ఎవరూ అనలేదు. ఎవరూ అనకుండానే అది ఆ ఇంటి కట్టుబాటైపోయింది.

ఒక్క పని మాత్రం ఆయన వదులుకోలేదు. రాయి పూర్తయ్యాక కుడివైపు అడుగున కొట్టు గుర్తు పెట్టడం. ఒకే చోటి నుంచి పైకి విచ్చుకున్న మూడు గీతలు, నడిమి గీత నెత్తిన ఒక చుక్క. పిట్టకాలు అంటారు దాన్ని. రిజర్వాయరు కట్టిన రోజుల్లో తాత ప్రతి రాతి మీదా పెట్టిన గుర్తు అదే. దాన్ని ఇంకొకరి చేత పెట్టించడం పెదనాన్న దృష్టిలో తాత పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టడం లాంటిది. అందరూ వెళ్లిపోయాక నాలుక పళ్ల మధ్య బిగబట్టి, ఎడమ మణికట్టుని మోకాలికి అదిమి పెట్టుకుని కొడతాడు. గీతలు కాస్త వణుకుతాయి. అడిగినవాళ్లకి "పాతకాలం గుర్తు, అలాగే ఉంటుంది" అని చెబుతాడు.

హెడ్మాస్టరు అటు వెళ్లాడో లేదో రిజర్వాయరు కమిటీ కార్యదర్శి ఇటు వచ్చాడు. మనిషి మర్యాదస్తుడే గానీ చంకలో ఫైలు లేకపోతే ఊపిరాడదు. రిజర్వాయరు కట్టి వందేళ్లవుతున్న సందర్భంగా రాళ్లు చెక్కినవాళ్ల పేర్లతో గట్టు మీద ఒక ఫలకం నిలబెడుతున్నారు. నలభై ఒక్క పేర్లు. పని ఈ కొట్టుకే ఇచ్చారు. నిలువెత్తు బూడిదరంగు రాయి వారం కిందటే వచ్చి గోడకి ఆనుకుని ఉంది. ఆ జాబితాలో ఏడో పేరు పెదనాన్న తాతది.

"అన్ని కుటుంబాలకీ చెప్పినట్టే మీకూ చెబుతున్నానండీ. మీ తాతగారు ఎప్పుడొచ్చారు, ఎన్నాళ్లు పనిచేశారు అన్నదానికి అసలు రికార్డుల నకళ్లు కావాలి. శనివారం లోపల."

పెదనాన్న గోడకి వేలాడుతున్న పటం వైపు గడ్డం ఎత్తి చూపించాడు. యాభయ్యేళ్ల పండగకి అచ్చువేసిన పుస్తకంలోని పేజీ అది. తాత పేరు కింద ‘తొమ్మిదేళ్ల పని, నాగా పెట్టింది పందొమ్మిది రోజులు, అందరిలోకీ తక్కువ’ అని ఉంటుంది.

"చూశానండీ. కానీ అచ్చుకాగితం చాలదు. అసలు రికార్డు కావాలి."

"రికార్డా? ఆ రిజర్వాయరు గోడే రికార్డు!" అన్నాడు పెదనాన్న. కార్యదర్శి రెండుసార్లు దణ్ణం పెట్టి జారుకున్నాడు. పెదనాన్న అమ్మడి వైపు తిరిగాడు. "నువ్వే వెళ్లు. ఆ చిన్నక్షరాలు నా కళ్లకి ఆనవు. ఆయన రిజర్వాయరు పనికని వచ్చి ఓడ దిగిన దగ్గర్నుంచీ ఏ పుస్తకంలో ఎక్కడున్నాడో అన్నీ రాయించుకురా. ఒకటడిగితే పది పెడదాం. మళ్లీ ఆ నోట కాగితం అన్న మాట రాకూడదు."

రికార్డుల ఆఫీసు పాత భవనంలో వెనకవైపు గది. కిటికీలు మనిషి చెయ్యి అందనంత ఎత్తులో ఉన్నాయి. అక్కడ పుస్తకాలు తీసిచ్చేది ఒకావిడ. అందరూ రికార్డులావిడ అనే అంటారు. ఇరవయ్యేళ్లుగా ఆ గదిలో ఉండి, కళ్లజోడు తాడు కూడా కాగితం రంగుకి వచ్చేసింది. అమ్మడు సంచిలోంచి పెన్ను తియ్యబోతే పాముని చూసినట్టు చూసింది.

"పెన్ను లోపల పెట్టమ్మా. ఇక్కడ పెన్సిలే. ముందు ఆ చేతులు కడుక్కురా."

"కడుక్కునే వచ్చానండీ."

"మరి ఆ గోళ్లలో?"

"రాతిపొడండీ. కడిగితే పోదు."

రికార్డులావిడ ఆ గోళ్ల వైపు ఒక క్షణం ఎక్కువగానే చూసింది. లోపలికి వెళ్లి, పసిపిల్లని ఎత్తుకొచ్చినట్టు రెండు చేతుల మీదా ఓడ జాబితా తెచ్చి బల్ల మీద పడుకోబెట్టింది.

వెతకడానికి గంటన్నర పట్టింది. చివరికి పేరు దొరికింది. పుట్టినప్పటినుంచీ విన్న పేరు, వందేళ్ల కిందటి సిరాలో. ‘రాతిపని, వయసు ఇరవై తొమ్మిది, నంబరు రెండు వందల పన్నెండు.’ దాని కిందే, ‘భార్య, ఇరవై మూడు. కూతురు, రెండు.’ భార్యకి పేరు రాయలేదు, నంబరు విడిగా ఇవ్వలేదు. ఆ వరసలోని ఆడవాళ్లందరికీ అంతే. మొగుడి నంబరే వాళ్ల నంబరు.

"ఇదొక్కటి చాలా, ఇంకా కావాలా?" అంది రికార్డులావిడ.

"పది తెమ్మన్నారండీ మా పెదనాన్న."

ఆవిడ నవ్వింది. "అయితే శిబిరం పుస్తకం కూడా చూడు. ఓడ దిగినవాళ్లని నలభై రోజులు అక్కడే ఉంచేవాళ్లు. జబ్బులు ఊళ్లోకి రాకూడదని."

శిబిరం పుస్తకంలో వచ్చినవాళ్ల పేజీలు కొన్నే ఉన్నాయి. పోయినవాళ్ల పేజీలు ఎక్కువ. అమ్మడు వాటిని తిప్పేద్దామనుకుంటూనే ఒకచోట ఆగిపోయింది. అదే పేరు. దిగిన ఇరవై మూడో రోజు. విషజ్వరం.

"పేరు ఒకటే అయ్యుంటుందిలే. ఆ రోజుల్లో ప్రతి ఓడలోనూ ఆ పేరు వాళ్లు నలుగురుండేవాళ్లు," అంది రికార్డులావిడ.

అమ్మడు పెన్సిలు మొనతో చివరి గడి చూపించింది. రెండు వందల పన్నెండు.

రికార్డులావిడ కళ్లజోడు సవరించుకుని, లేచి వెళ్లి రిజర్వాయరు హాజరు పుస్తకాల్లో మొదటిది తెచ్చింది. అందులోనూ అదే పేరు, అదే నంబరు. శిబిరంలో నలభై రోజులు ముగిసిన మర్నాడు రాళ్ల గనిలో హాజరు. ఆ మర్నాడు హాజరు. ఆ పై మర్నాడు హాజరు. నెలాఖరున గుమాస్తా రాసిన పేరు పక్కన, పనివాడు తన చేత్తో గీసిన గుర్తు పిట్టకాలు.

"పోయినవాడి నంబరు మీద ఇంకెవడో పనిలో దూరి ఉంటాడమ్మా. అలాంటివి జరిగేవి," అంది రికార్డులావిడ నెమ్మదిగా.

అమ్మడు పెన్సిలు కింద పెట్టేసింది. ఇంకెవడో. అయితే పటంలో ఉన్నది ఎవరు? రాతి మీద ఏడో పేరు ఎవరిది? ఈ రెండో కాగితం చూస్తే కార్యదర్శి ఒక్క గీతతో ఆ వరస కొట్టేస్తాడు. పెదనాన్న యాభయ్యేళ్లుగా ఎవరి పేరు చెప్పుకుని తల ఎత్తుకు తిరుగుతున్నాడో ఆ మనిషి రాయి ముట్టకుండానే పోయాడని ఆయనకి ఎవరు చెబుతారు?

ఆ సాయంత్రం అమ్మడు భోజనానికి వెళ్లేసరికి పెదనాన్న ఇంట్లో హుషారుగా ఉన్నాడు. ఫలకం తెరతీసే రోజున మాట్లాడమంటారేమోనని ముందే నాలుగు ముక్కలు కూడబలుక్కుంటున్నాడు. గిన్నె మీద మూత పెట్టినా, గ్లాసులో నీళ్లు పోసినా ఆయన మాటల్లో తాతే.

"దొరికాడా?" అన్నాడు అమ్మడిని చూడగానే.

"ఓడ కాగితం దొరికింది పెదనాన్నా. రేపు మళ్లీ రమ్మన్నారు."

"చూశావా! చెప్పానా! ఓడలో ఎవరెవరు వచ్చార్ట?"

"తాత, అవ్వ, రెండేళ్ల కూతురు."

"ఒంటికంటి అవ్వ!" అన్నాడు పెదనాన్న గొంతు మెత్తబడి. "నేను చూశాను ఆవిణ్ణి. నాకు ఆరేళ్లప్పుడు పోయింది. పొయ్యి పొగకి కన్ను పోయిందని చెప్పేవాళ్లు. పాపం, జన్మంతా ఆ వంటింట్లోనే సరిపోయింది. దగ్గరికి పిలిచి తల నిమిరేది. నిమిరితే గీరుకునేదే! అరచెయ్యి గరగరలాడేది. నేను తప్పించుకుని పారిపోయేవాణ్ణి."

"పొగకే పోయిందా కన్ను?" అంది అమ్మడు.

"మరి దేనికి పోతుంది? అందరూ అలాగే అనేవాళ్లు. ఆవిడసలు పేరేంటో కూడా ఎవరికీ తెలీదు. ఒంటికంటి అవ్వంటే అందరికీ తెలుసు."

పెద్దమ్మ అమ్మడి మొహం చూసి ఏదో కనిపెట్టింది గానీ, "ఇంకాస్త వేసుకో," అని మాత్రం అంది.

బుధవారం తలుపులు తీసేసరికే అమ్మడు మెట్ల మీద ఉంది. రికార్డులావిడ తాళం తిప్పుతూ, "నాకూ సరిగా నిద్రపట్టలేదమ్మా," అంది. ఇరవయ్యేళ్ల నౌకరీలో ఒక కాగితం ఆవిడని ఇంటిదాకా వెంబడించడం అదే మొదలట.

తొమ్మిదేళ్ల హాజరు పుస్తకాలూ బల్ల మీద వరసగా పేర్చారు. రాళ్లు కొలిచినట్టే, వేలితో ఒక్కో గడీ తాకుతూ లెక్కపెట్టుకుంటూ వెళ్లింది అమ్మడు. హాజరు, హాజరు, హాజరు. పటంలో రాసింది నిజమే, నాగాలు పందొమ్మిదే. కానీ అవి అక్కడొకటి ఇక్కడొకటి కాదు. మొదటి ఏడు ఒకేసారి ఎనిమిది రోజులు. నాలుగో ఏడు ఒకేసారి పదకొండు రోజులు. మిగతా అంతా ఒక్క రోజు కూడా లేదు.

"ఒళ్లు బాగోకపోతే అలా ఉంటుంది," అంది అమ్మడు.

రికార్డులావిడ మొదటి ఎనిమిది రోజుల తేదీ వేలితో అదిమిపట్టి ఆలోచించింది. "మీ తాతగారు, అంటే మీ పెదనాన్న తండ్రి, ఎక్కడ పుట్టారు?"

"ఇక్కడే, గని దగ్గర పనివాళ్ల గదుల్లో."

"ఎప్పుడు?"

అమ్మడికి తేదీ తెలియదు. జననాల పుస్తకం వచ్చింది. పేజీలు తిప్పేది రికార్డులావిడే, ఇంకొకరిని ముట్టుకోనివ్వదు. నంబరు రెండు వందల పన్నెండు, మగబిడ్డ. తండ్రి సంతకం గడి ఖాళీ. పుట్టిన తేదీ చదివి ఆవిడ హాజరు పుస్తకం వైపు చూసింది, మళ్లీ జననాల పుస్తకం వైపు చూసింది. ఎనిమిది నాగాల్లో మొదటి రోజు అదే. ముందురోజు హాజరు. దాని ముందురోజూ హాజరు.

"ఇదేం విడ్డూరమమ్మా, మగాడు పురిటికి సెలవు పెట్టాడు!" అంది.

ఇద్దరూ ఫక్కున నవ్వారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మడి చేతులకి చెమట పట్టింది. అవి పుస్తకానికి తగలకుండా ఒళ్లో పెట్టుకుంది.

"నాలుగో ఏడు," అంది అమ్మడు. "ఆ పదకొండు రోజులు. ఆసుపత్రి పుస్తకం ఉందాండీ?"

ఉంది. గని ఆసుపత్రి పుస్తకానికి సగం అట్ట లేదు. ఆ డాక్టరు ఎవరో గానీ కొండంత ఓపిక, ప్రతి గడీ నింపాడు. ‘స్త్రీ. నంబరు రెండు వందల పన్నెండు. కుడికంట్లో రాతిపెచ్చు గుచ్చుకున్నది. తీయబడినది. చూపు పోయినది.’ ఏం పని అన్న గడిలో, ‘రాయి చెక్కుట.’ పదకొండో రోజున పంపించేటప్పుడు సంతకం చేయాల్సిన చోట వేలిముద్ర లేదు. మూడు గీతలు, నెత్తిన చుక్క.

అమ్మడికి ఏడుపొచ్చింది. కాగితం మీద పడకూడదని కుర్చీ వెనక్కి జరుపుకుని ఏడ్చింది. అది దుఃఖమేం కాదు. కడుపులో బిడ్డతో, ఒళ్లో రెండేళ్ల పిల్లతో, మొగుణ్ణి ఇసకలో పూడ్చిన పద్దెనిమిది రోజులకి ఉలి పట్టుకున్న మనిషి తన ముత్తవ్వ అని తెలిసి పొంగిపోయి ఏడ్చింది.

"పైవాళ్లకి తెలియకుండా ఉంటుందాండీ, తొమ్మిదేళ్లు?" అంది కళ్లు తుడుచుకుని.

"తెలియకేం? ఆడవాళ్లకి గంపలు మోసే పనే. ఉలి పట్టేవాళ్ల పట్టీలో ఆడపేరు రాయకూడదని రూలు. పేరు రాయకూడదన్నారు గానీ రాయి చెక్కకూడదని ఎవరన్నారు? రాయి బాగుంది, కళ్లు మూసుకున్నారు. ఇలాంటి పేర్ల వెనక ఇంకెంతమంది ఉన్నారో ఏమో!" రికార్డులావిడ నకళ్ల మీద ఒక్కొక్కటిగా ముద్ర వేసింది. ఆ రోజు ముద్ర కాస్త గట్టిగానే పడింది.

గురువారం పొద్దున కొట్లో ఫలకం రాయిని బల్లమీదికి ఎక్కించారు. ఆరు పేర్లు అప్పటికే చెక్కేసి ఉన్నాయి. ఏడో వరస దగ్గర సుద్దగీతలు మాత్రమే ఉన్నాయి. పెదనాన్న కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఆ పేరు చెక్కుతుంటే కళ్లారా చూడాలని ఆయన కోరిక.

అమ్మడు ఉలి తియ్యలేదు. "పెదనాన్నా, తాతకి చెక్కడం ఎవరు నేర్పారు?"

"మా నాన్నకా? వాళ్ల నాన్న."

"ముత్తాత ఓడ దిగిన ఇరవై మూడో రోజున పోయారు. అప్పటికి తాత ఇంకా పుట్టలేదు."

కాగితాలు ఒక్కొక్కటీ రాయి మీద పరిచి, ఎక్కడ ఏముందో చదివి వినిపించింది. ఓడ, శిబిరం, హాజరు, పురుడు, కన్ను. ఆసుపత్రి కాగితం మీది గుర్తు దాకా వచ్చేసరికి పెదనాన్న మొహం నల్లబడింది.

"నిన్ను పంపింది ఆయన పేరు తెమ్మని. నువ్వు ఆయన్ని చంపి తెచ్చావు," అన్నాడు.

"నేను కాదు పెదనాన్నా, జ్వరం."

"నోరుముయ్యి! నా చిన్నప్పట్నుంచీ మా తాత, మా తాత అని చెప్పుకున్నాను. ఊరు ఊరంతా విన్నది. ఇప్పుడు నాలుగు చెదల కాగితాలు పట్టుకొచ్చి అది ఆయన కాదు, వంటింటి ముసలమ్మ అంటావా? ఒకరు చెక్కుతుంటే ఇంకొకరి పేరు నడుస్తుందా? తొమ్మిదేళ్లు లోకం నమ్ముతుందా?"

అమ్మడు ఆయన వైపే చూసింది. చెప్పకూడదనుకుంటూనే చెప్పేసింది. "ఆరేళ్లుగా నమ్ముతోందిగా."

పెదనాన్న చేతులు చంకల్లోంచి జారి కిందికి వచ్చాయి. వణుకుతున్నాయి. వాటివంక ఆయనే ఒకసారి చూసుకుని, చేతికర్ర తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. అమ్మడికి తన నాలుక తనే కోసుకోవాలనిపించింది. తండ్రి లేని పిల్లకి చేతిలో ఉలి పెట్టి, వెనక నిలబడి, మణికట్టు పట్టుకుని నేర్పిన మనిషి ఆయన. ఆ చెయ్యి అప్పట్లో రాయిలా స్థిరంగా ఉండేది. ఆ రోజంతా ఆమె రాయి ముట్టుకోలేదు.

ఆ రాత్రి ఇంట్లో ఆయన ఎవరితోనూ మాట్లాడలేదట. శుక్రవారం పొద్దున్నే అమ్మడు వెళ్లేసరికి పెద్దమ్మ వాకిట్లోనే ఉంది.

"ఏమన్నావే ఆయన్ని? అన్నం దగ్గర కూడా నోరు మెదపలేదు. తెల్లారీ తెల్లారకముందే మొదటి బస్సుకి రిజర్వాయరు దగ్గరికి వెళ్లారు. ఉలి, సుత్తి సంచిలో వేసుకుని మరీ వెళ్లారు. వెళ్లి చూడు."

రిజర్వాయరు గోడకి బయటివైపు, అడుగు నుంచి పైదాకా ఇరుకు మెట్లున్నాయి. పెదనాన్న అడుగున ఉన్నాడు. వేలి కణుపుతో ఒక్కో రాయినీ తడుతూ, చెవి ఆనించి వింటున్నాడు. పగులు లేని రాయి ఒకలా పలుకుతుంది, పగులున్నది ఇంకోలా పలుకుతుంది. పని నేర్చుకునేవాళ్లకి మొదటి పాఠం అదే.

అమ్మడి అడుగుల చప్పుడు విని, తల తిప్పకుండానే, "ఇలా రా," అన్నాడు.

ఆమె పక్కనే వెళ్లి నిలబడింది. నాచు గీకేసిన చోట పిట్టకాలు కనిపిస్తోంది. ఇలాంటివి అక్కడక్కడా చాలా ఉన్నాయి.

"చుక్క ఎక్కడుంది?"

"నడిమి గీత నెత్తిన."

"సరిగ్గా నెత్తిన. ఈ వరసంతా అంతే, దీని పైవరసా అంతే. గోడ కింద్నుంచి పైకి లేచింది కదా, ఇవి మొదటి మూడేళ్ల రాళ్లు. ఇప్పుడు పైకి ఎక్కు."

ముప్పై మెట్లు ఎక్కారు. పెదనాన్నకి ఆయాసం వచ్చింది, అయినా ఆగలేదు. ఒక రాయి దగ్గర వేలు పెట్టాడు. మూడు గీతలూ నిటారుగా, కత్తితో కోసినట్టు ఉన్నాయి. చుక్క మాత్రం నడిమి గీతకి కుడిపక్కకి, నువ్వుగింజంత జరిగి ఉంది. పక్క రాయి మీదా అంతే. ఆ పైన ఉన్న ప్రతిదాని మీదా అంతే.

"యాభయ్యేళ్ల నుంచి ఈ గోడకి వస్తున్నాను. జనాన్ని తీసుకొచ్చి మరీ చూపించాను. చుక్క పక్కకి జరిగిందని ఒక్కసారీ కనిపెట్టలేదు. చూడాలనుకుంటే కదా కనపడేది!" సంచిలోంచి ఉలీ సుత్తీ తీసి, మెట్టు పక్కన పడి ఉన్న పెచ్చు రాయి చూపించాడు. "గీతలు సుద్దతో గీసుకుని, ఉలి నిదానంగా నడిపిస్తాం. చుక్కకి గీత ఉండదు. ఆఖర్న ఒక్క దెబ్బ, కంటి అంచనా. కుడికన్ను మూసుకో. కొట్టు."

అమ్మడు కుడికన్ను మూసుకుని ఉలి ఆనించి ఒక్క దెబ్బ వేసింది. కన్ను తెరిచి చూస్తే చుక్క తను అనుకున్న చోట లేదు. కుడికి జరిగి ఉంది.

"నేనూ పొద్దున్నుంచి పదిసార్లు కొట్టి చూశాను. నా వణుకు వల్లేమో అనుకున్నాను. నీకూ అక్కడే పడింది." పెదనాన్న గోడకి అరచెయ్యి ఆనించాడు. "ఆ ఒక్క చుక్కే తప్పింది. మిగతా రాయి చూడు. అంచు దారం పట్టి లాగినట్టుంది. వెంట్రుక దూరదు. వందేళ్లు నీళ్లని ఆపింది, ఒక్క కన్నుతో. ఒక్క కన్నుతో చెక్కిందే మా అవ్వ!"

ఆయన మెట్టు మీద కూర్చుండిపోయాడు. కళ్లనుంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

"చిన్నప్పుడు ఆవిడ గడప రాతిని కణుపుతో కొట్టి చెవి పెట్టేది. మతి చలించిందని నవ్వేవాళ్లం. మా నాన్న మాత్రం నవ్వేవాడు కాదు. తాత సంగతి చెప్పు నాన్నా అంటే ఉలి తీసుకుని సాన దగ్గరికి వెళ్లిపోయేవాడు. ఆ పటం కట్టించి గోడకి పెట్టిన రోజున చాలాసేపు చూసి, ‘పందొమ్మిది రోజులు’ అని మాత్రం అన్నాడు. నాగాలు తక్కువని మురిసిపోతున్నాడనుకున్నాను. ఆయనకి తెలుసు. చెప్పొద్దని అవ్వ మాట తీసుకుని ఉంటుంది." మెట్టు రాతిని నిమురుతూ, "ఆవిడ తల నిమిరితే పారిపోయాను చూడు," అన్నాడు.

అమ్మడు ఆయన పక్కన కూర్చుంది. "నిన్న నేనలా అనకూడదు పెదనాన్నా."

"అనాలి. ఆరేళ్ల కిందటే అనాల్సింది."

శనివారం కార్యదర్శి వచ్చేసరికి కాగితాలన్నీ బల్ల మీద వరసగా ఉన్నాయి. పెదనాన్న ఉతికిన చొక్కా వేసుకుని, అడిగినదానికి మించి చెప్పాడు. కార్యదర్శి మొదట నోరు వెళ్లబెట్టాడు, తర్వాత చెమటలు తుడుచుకున్నాడు.

"చాలా గొప్ప సంగతేనండీ. కాదనను. కానీ హాజరు పట్టీలో ఉన్న పేర్లే చెక్కాలని కమిటీ తీర్మానం."

"పట్టీలో పేరు రాసింది గుమాస్తా. పక్కన గుర్తు పెట్టింది రాయి చెక్కిన మనిషి. మీరు ఫలకం ఎవరికి పెడుతున్నారు సార్, గుమాస్తా రాతకా?"

కార్యదర్శి ఫైలు తెరిచాడు, మూశాడు. "పోనీ, ఆవిడ పేరేంటి మరి?"

"ఒంటికంటి అవ్వ."

"అది పేరెలా అవుతుందండీ? వినేవాళ్లు ఏమనుకుంటారు? కాస్త మర్యాదగా..."

"ఆవిడకి ఇంకో పేరు మేం మిగల్చలేదు. ఆ కన్ను ఎక్కడ పోయిందో మీ ఆసుపత్రి పుస్తకంలోనే ఉంది. పొయ్యి దగ్గర పోలేదు, మీ గోడ దగ్గర పోయింది. ఇన్నాళ్లూ జాలిగా పిలిచాం. ఇక నుంచి తల ఎత్తుకుని పిలుస్తాం. చెక్కమ్మా."

"మరి మీ తాతగారు?"

"పాపం, ఆయన రాయి ముట్టకుండానే పోయాడు. శిబిరం ఉన్నచోట ఆయనకి వేరే రాయి నిలబెడతాను. అది మా ఇంటి పని."

కార్యదర్శి ఆసుపత్రి కాగితాన్ని ఇంకోసారి తీసి చదివాడు. పెదవులు కదిలాయి. ఫైల్లోని జాబితా తీసి, ఏడో పేరు కొట్టేసి, పైన కొత్త పేరు రాసి, పక్కన సంతకం పెట్టాడు. "తీర్మానం సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు.

అమ్మడు ఏడో వరస మీది సుద్ద తుడిచి కొత్త గీతలు గీసుకుంది. ఉలి ఆనించి మొదటి దెబ్బ వేసింది. కార్యదర్శి ఆశ్చర్యంగా పెదనాన్న వైపు చూశాడు. "మీరు చెక్కరా అండీ?"

పెదనాన్న చేతులు చంకల్లో ఉన్నాయి. నిదానంగా బయటికి తీసి, రెండూ ఆయన ముందు చాపాడు. వేళ్లు ఆకుల్లా వణికాయి.

"ఇవి చెక్కడం మానేసి ఆరేళ్లయింది. ఊళ్లో ఎక్కడ మా కొట్టు రాయి కనపడినా, మీరు మెచ్చుకున్నవన్నీ, ఈ పిల్ల చెక్కినవే. మెచ్చుకోలు మాత్రం నేను తీసుకున్నాను. పొద్దున్నే బడికి వెళ్లి హెడ్మాస్టరుకి కూడా చెప్పొచ్చాను."

అమ్మడి సుత్తి ఆగింది. తల ఎత్తలేదు. ఎత్తితే సుద్దగీతలు కనపడవు. ముక్కు ఎగబీల్చుకుని మళ్లీ కొట్టడం మొదలుపెట్టింది. నాలుగు దెబ్బలకొకసారి పొడి ఊదుతూ, ఉలి తిప్పుతూ, ఒంటికంటి అవ్వని రాతిలోకి దించింది. మిగతా ముప్పై నాలుగు పేర్లూ వచ్చే వారానికి. కానీ పెదనాన్న అంతదాకా ఆగలేదు. తన ఉలి, అంటే మొదట అవ్వదీ తర్వాత వాళ్ల నాన్నదీ అయిన పొట్టి ఉలి, గుడ్డలోంచి తీసి అమ్మడి చేతిలో పెట్టాడు.

"గుర్తు కూడా నువ్వే పెట్టు. ఇవాళే పెట్టు. నేను చూడాలి."

అమ్మడు రాయి కుడివైపు అడుగు దగ్గరికి వెళ్లి వంగింది. మూడు గీతలు నిటారుగా, పైకి విచ్చుకుంటూ వచ్చాయి. ఆఖర్న ఉలి నిలబెట్టి, క్షణం ఆగి, కుడికన్ను మూసుకుని ఒక్క దెబ్బ వేసింది.

కార్యదర్శి వంగి చూశాడు. "చుక్క కాస్త పక్కకి పోయినట్టుందే?" అన్నాడు.

"పోలేదు. అక్కడే ఉండాలి," అన్నాడు పెదనాన్న.